ఐదోసారి

సబీకా ముసలమ్మ నడుం కొలత తీయడం అంత తేలికైన పని కాదు. టేపు చుట్టబోతే నవ్వుతుంది, నవ్వితే పొట్ట కదులుతుంది, కదిలితే కొలత మారిపోతుంది. వస్మియా మూడోసారి టేపు చుట్టి, పెదాల మధ్య గుండుసూదులు బిగించి, ముసలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అంత గట్టిగా లాగకు తల్లీ. మనవడి పెళ్లిలో నేను ఊపిరి పీల్చుకోవద్దూ?" అంది సబీకా.

ఎల్లుండి గురువారం నికా. జాబ్రియా పేటలో, ఈ ఇంట్లోనే. వరుడు సబీకా మనవడు యాకూబ్. వధువు వస్మియా కూతురు తుర్ఫా. పిల్లనిచ్చే మనిషి వియ్యాలవారింట్లో దర్జాగా సోఫాలో కూర్చోవాలి గానీ టేపు పట్టుకుని నేల మీద కూర్చోవడమేమిటని ఎవరైనా అడగొచ్చు. యాకూబ్ తల్లి లుల్వా సంబంధం కుదిరిన ఈ రెండు నెలల్లో ఒకే ఒక్కసారి ఫోన్ చేసింది. "మీరు బట్టలు కుడతారట గదా, మా అత్తగారికి ఒక గౌను కావాలి" అంది. వస్మియా దానికే పొంగిపోయింది. ఇంటికి పిలిచారు, అదే పదివేలు అనుకుంది.

లుల్వా సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఏలకుల కాఫీ పోసిన చిన్న కప్పు వస్మియా పక్కన నేల మీదే చల్లారిపోతోంది.

"మా వాడు కాలు కొంచెం ఈడుస్తాడు, చూశావు గదా?" అంది సబీకా, చేతులు పైకెత్తి నిలబడి. "ఇప్పుడు చాలా నయం. పుట్టినప్పుడు పాదం పూర్తిగా లోపలికి తిరిగిపోయి ఉండేది. మోకాలి దాకా పిండికట్టు వేశారు."

"అత్తయ్యా, ఇప్పుడా గోల ఎందుకు?" అంది లుల్వా తలెత్తకుండానే.

"ఎందుకేమిటే? పిల్లనిచ్చేవాళ్లకు తెలియొద్దూ? వినమ్మా. పక్క దేశం సైన్యం మన మీద పడిన ఆక్రమణ ఏడు, ఆగస్టు నెల. ఈవిడగారు టైఫాయిడ్ వచ్చి ఒళ్లు తెలియకుండా పడి ఉంది. పాలు ఇంకిపోయాయి. డబ్బా పాలు ఊళ్లో లేవు. సైనికులు ఇళ్లలో జొరబడుతున్నారని మేమంతా సహకార దుకాణం వెనక బిల్డింగుకి పోయి, కింద టైర్ల గోదాంలో దాక్కున్నాం. మూడు రోజులు! ఆ రబ్బరు కంపు ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు."

వస్మియా చేతిలో టేపు ఆగిపోయింది.

"అక్కడ ఎవరో ఎడారి పిల్ల, చంకలో తన పిల్లాడు. దీపం లేదు, ముఖానికి ముసుగు. నేను వీణ్ణి తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. ఒక్క మాట అడగలేదమ్మా, పైన వేసుకున్న నల్ల అబాయా కప్పి పాలిచ్చింది. నాలుగు సార్లు తీసుకెళ్లాను, నాలుగు సార్లూ ఇచ్చింది. నాలుగో రోజు తెల్లారి లేచి చూద్దును గదా, ఆమె లేదు. పేరైనా అడగలేదు నేను, నా మొద్దు బుర్ర! ఇరవై ఆరేళ్లుగా నమాజులో ఆమె కోసం వేడుకుంటూనే ఉన్నాను. ఉందో, పోయిందో."

కట్టు. గట్టిపడిన పిండికట్టు. పాలు తాగుతూ ఆ బుడ్డోడు కాలు జాడించినప్పుడల్లా అది వచ్చి పక్కటెముకల మీద ఠంగున తగిలేది. వారం రోజులు అక్కడ కమిలిపోయి ఉంది. వస్మియాకు తెలియకుండానే ఎడమ చెయ్యి అక్కడికి పోయింది.

"ఏమ్మా, దొరకలేదా కొలత?" అంది సబీకా.

వస్మియా నోట్లో గుండుసూదులున్నాయి. వాటి పుణ్యమా అని మాట్లాడక్కర్లేకపోయింది. ఏదో ఒక అంకె చాక్‌పీసుతో గుడ్డ మీద రాసుకుని లేచి నిలబడింది.

తమ పేట సులైబియాకు వెళ్లే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

పరాయి బిడ్డకు కడుపునిండా పాలిస్తే వాడు పరాయివాడు కాకుండా పోతాడు. పాలిచ్చినామెకు కొడుకు, ఆమె కన్న ప్రతి బిడ్డకూ తోడబుట్టినవాడు. వాళ్ల మధ్య పెళ్లి అన్న మాట నోట రాకూడదు. అందుకే చదువురాని ముసలమ్మలు కూడా ఏ పిల్లాడికి ఎవరు పాలిచ్చారో వేళ్ల మీద చెబుతారు. పాలిచ్చేటప్పుడు నలుగురికీ వినబడేలా చెప్పి మరీ ఇస్తారు. వస్మియా చెప్పలేదు. ఆ చీకట్లో ఎవరికి చెబుతుంది? ఏడుస్తున్న పిల్లాడికి పేరూ ఊరూ అడగకుండా పాలిచ్చింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

నాలుగు సార్లే అంది ముసలమ్మ. వస్మియా ఆ అంకెను గట్టిగా పట్టుకుంది. ఎన్నిసార్లయితే అడ్డో ఆమెకు సరిగ్గా గుర్తు లేదు. ఒకసారైనా చాలంటారు కొందరు, ఐదంటారు కొందరు. బస్సు దిగేలోపు అదే మాట లోలోపల వందసార్లు అనుకుంది.

రేకుల ఇంట్లో కొడుకు నాయిఫ్ పుచ్చకాయ కోసుకు తింటున్నాడు. తుర్ఫా అప్పుడే కళ్లద్దాల దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విప్పుతోంది. ఆ దుకాణంలోనే ఆరు నెలల కింద యాకూబ్ ఫ్రేము మార్చుకోవడానికి వచ్చాడు. తర్వాత ఒక నెలలో నాలుగు ఫ్రేములు మార్చాడు.

"గొప్పోళ్లింటికి వెళ్లాక మమ్మల్ని గుర్తుపడతావా, పౌరుడి పెళ్లామా?" అన్నాడు నాయిఫ్.

"నిన్నా? ఆధారాలు పట్టుకురా, పరిశీలిస్తాం," అంది తుర్ఫా, అచ్చం కార్డుల ఆఫీసు కిటికీ వెనక గుమాస్తాలా ముక్కుతో మాట్లాడుతూ. "వెళ్లి రేపు రా. రేపు సెలవు. ఎల్లుండి రా."

అన్నాచెల్లెళ్లు పగలబడి నవ్వుకున్నారు. వస్మియా నవ్వలేకపోయింది.

వాళ్ల వేళాకోళమంతా ఆ కిటికీ మీదే. జనాభా లెక్కలవాళ్లు వచ్చిన ఏడు వస్మియా తాత గొర్రెల్ని తోలుకుని నీళ్ల కోసం ఎక్కడికో పోయాడు. ఆయన పేరు లెక్కలో ఎక్కలేదు. అందుకని ఇన్ని తరాలుగా ఈ ఇసుకలోనే పుట్టి, ఈ ఇసుకలోనే పూడ్చబడుతున్నా వీళ్లకు దేశం లేదు. ఒక కార్డు ఉంటుంది. ఆ కార్డు కొత్తది చేయమని వెళితే, కిటికీ వెనకవాడు ఇప్పుడొక కాగితం ముందుకు తోస్తున్నాడు. నేను ఫలానా దేశస్థురాలినని ఒప్పుకుంటున్నాను అని ఉంటుంది అందులో. ఆ ఫలానా దేశం పేరు వాళ్లే అచ్చువేసి ఉంచుతారు. సంతకం పెడితే కార్డిస్తారు. ఏదో ఒకనాడు, పో, నీ దేశం నువ్వు పో అంటారు. పెట్టకపోతే కార్డే లేదు. వస్మియా నిరుడు పెట్టలేదు. అప్పట్నుంచి ఆసుపత్రిలో ఆమెకు చీటీ రాయరు.

నాయిఫ్ కార్డుకు ఇంకా నాలుగు నెలల గడువుంది. తుర్ఫాది వచ్చే ఆదివారంతో తీరిపోతుంది. అందుకే గురువారం నికా. పౌరుడి భార్యనని రాసిన కాగితం చేతిలో ఉంటే ఆ కిటికీ దగ్గర మాట తీరే వేరు. రేపు పుట్టబోయే పిల్లలు తండ్రి పేరున, పుట్టిన రోజునే, ఈ దేశం పిల్లలు. వాళ్లు ఎవడి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

"అమ్మా, అలా ఉన్నావేం? ఆ లుల్వా ఏమన్నా అందా?" అంది తుర్ఫా.

"ఏమంటుంది? కాఫీ ఇచ్చింది."

"సోఫాలో కూర్చోబెట్టి ఇచ్చిందా, నేల మీదా?"

"కొలతలు సోఫాలో కూర్చుని తీస్తారటే?" అని కసిరి, వస్మియా కత్తెర వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దువాలి, అసర్ నమాజు అయ్యాక, మసీదు పక్కన ఇమాము గది తలుపు దగ్గర నిలబడింది. వేరే దేశం నుంచి వచ్చిన పెద్దాయన. గుమ్మానికి అడ్డంగా గుడ్డ వేలాడుతోంది, లోపల ఆయన ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు.

"షేక్ గారూ, నాకు తెలిసిన ఒకావిడ మిమ్మల్ని ఒక మాట అడగమంది."

"అడగమ్మా. అందరికీ తెలిసినావిడే అడుగుతుంది ఎప్పుడూ," అన్నాడాయన.

చెప్పింది. గోదాం సంగతి చెప్పలేదు, యుద్ధం సంగతి చెప్పలేదు. ఒక బిడ్డ, ఒక తల్లి, కొన్నిసార్లు పాలు. అంతే.

కత్తి చప్పుడు ఆగింది. "ఈ దేశంలో లెక్క ఐదు. ఐదుసార్లు, ప్రతిసారీ బిడ్డ తృప్తిగా తాగి తనంతట తాను వదిలెయ్యాలి. నాలుగైతే అడ్డు లేదు. ఐదోది తాగాడో లేదో అన్న అనుమానం ఉన్నా అడ్డు లేదు. అనుమానం మీద పెళ్లి ఆపకూడదు."

"అనుమానం ఉంటే లేనట్టే కదా?"

"లేనట్టే." కత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. "కానీ ఆవిడతో ఒకటి చెప్పమ్మా. అనుమానం వేరు, అనుమానం కావాలని కోరుకోవడం వేరు. ఆ తేడా నాకు తెలియదు. ఆవిడకు తెలుస్తుంది."

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. తుర్ఫా రేపు వేసుకునే ఆకుపచ్చ గౌనుకు అంచు మిగిలి ఉంది. మిషను మీద వేస్తే అరగంట పని. చేత్తో కుడితే రాత్రవుతుంది. చేత్తోనే మొదలుపెట్టింది. దారం నోటితో తడిపి, సూది బెజ్జం వెలుతురుకు పట్టుకుని చూస్తూ మొదటిసారి గుర్తు తెచ్చుకుంది. గోదాంలోకి వచ్చిన సాయంత్రం. ముసలమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని పడుకున్నవాళ్ల మధ్యలోంచి తడుముకుంటూ వచ్చింది. రెండు, మర్నాడు ఎండవేళ, ఉక్కకు అందరూ చొక్కాలు పిండుకుంటున్నప్పుడు. మూడు, అదే రోజు దీపాల వేళకు. నాలుగు, మూడో రోజు. అప్పుడు నాయిఫ్‌కు మిగలకుండా తాగేశాడని ముసలమ్మ మొహమాటపడి నాలుగు ఖర్జూరాలు చేతిలో పెట్టింది.

నాలుగు. కుట్టు మీద కుట్టు పడుతోంది. గుడ్డ పట్టుది, జారుతోంది. వస్మియా దాన్ని బొటనవేలితో అదిమిపెట్టి ఇంకో నాలుగు కుట్లు వేసింది.

ఐదోసారి జరగలేదు. జరగలేదంటే పోలా? ఎవరు చూశారు? ముసలమ్మ నిద్రలో ఉంది. నాలుగో రోజు, ఇంకా తెల్లారలేదు. వస్మియా అన్న, ఆ బిల్డింగు కాపలాదారు, మెట్ల మీదకు వచ్చి, ట్రక్కు దొరికింది, కదలమన్నాడు. అప్పుడే నెత్తి మీద బూట్ల చప్పుడు. ఒకటి, రెండు, చాలా బూట్లు. అన్న గోడకు అతుక్కుపోయాడు. సరిగ్గా అప్పుడే ఆ పిల్లాడు ముసలమ్మ పక్కన కదిలి ఏడుపు అందుకోబోయాడు. వస్మియా వాణ్ణి లాక్కుని రొమ్ముకి అదుముకుంది. పట్టుకుని ఊరుకున్నాడేమో. తాగి ఉండడు. నోట్లో పెట్టుకుని నిద్రపోయి ఉంటాడు.

సూది వేలిలో దిగింది. నెత్తురు గుడ్డకు అంటకుండా చెయ్యి దూరంగా పట్టుకుని కూర్చుంది. అన్నను ఆ నెలలోనే సైనికులు పట్టుకుపోయారు, మళ్లీ రాలేదు. ఐదోసారి తెలిసిన మనిషి ఈ లోకంలో తనొక్కతే. నోరు మూసుకుంటే చాలు. కూతురు బతుకుతుంది, దాని పిల్లలు బతుకుతారు.

వాడు తాగాడు. బూట్ల చప్పుడు వెళ్లిపోయేదాకా, గుటకలు వినబడతాయేమోనని తను వణికిపోతుంటే, గుటక గుటకా తాగి, కడుపు నిండి, తనే నోరు తీసేసి, ఆమె అబాయా మీద ఇంత కక్కాడు కూడా. ఎంత కుట్టినా, ఎంత లెక్కపెట్టినా అది పోవడం లేదు.

గురువారం పొద్దుగూకి, మగ్రిబ్ నమాజు దాటాక జాబ్రియా ఇంట్లో లోపలి హాలు ఆడవాళ్లతో నిండిపోయింది. సాంబ్రాణి పొగ, ఏలకుల కాఫీ, పెద్ద పళ్లాల్లో మాంసం కలిపిన అన్నం వాసన. తెర అవతల మగవాళ్ల గది. ఖాజీ తెరకు దగ్గరగా కుర్చీ వేసుకుని రిజిస్టరు తెరిచాడు. ఆయనకు ఇంకా రెండు ఇళ్లలో నికాలున్నాయి, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

తుర్ఫా ఆకుపచ్చ గౌనులో కూర్చుని ఉంది. అరచేతులు చల్లగా ఉన్నాయని తల్లి చేతిని ఒళ్లోకి లాక్కుని పట్టుకుంది.

ఖాజీ గబగబా చదువుతున్నాడు. "వరుడు యాకూబ్, పౌరుడు. వధువు తుర్ఫా, తండ్రి లేనందున వధువు తరఫున సంరక్షకుడు ఆమె అన్న నాయిఫ్. వధూవరుల మధ్య రక్తం వల్ల గానీ, పాల వల్ల గానీ, వియ్యం వల్ల గానీ అడ్డేమీ లేదు. అంతేగా?" పెన్ను అప్పటికే తర్వాతి గడి మీదకు పోయింది.

"అంతే," అన్నాడు నాయిఫ్.

"ఉంది," అంది వస్మియా.

ఎవరికీ వినబడలేదు. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో కప్పులు అందిస్తున్నారు. తుర్ఫాకు మాత్రం వినబడింది. తల్లి చేతిని వదిలేసింది.

"ఉంది," అంది వస్మియా మళ్లీ, ఈసారి తనకే తెలియనంత గట్టిగా. "పాల అడ్డు ఉంది. నేను పెళ్లికొడుక్కి పాలిచ్చాను."

సబీకా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. లుల్వా మొదటిసారిగా ఫోను పక్కన పెట్టింది.

"ఎవరమ్మా మాట్లాడింది?" అన్నాడు ఖాజీ తెర అవతల నుంచి.

"పెళ్లికూతురి తల్లిని."

"ఎన్నిసార్లు ఇచ్చారు?"

"ఐదు."

"ప్రమాణం చేస్తారా?"

"చేస్తాను. టైర్ల గోదాంలో. పిల్లాడి పిండికట్టు మడమ దగ్గర పగిలిపోతే వాళ్ల నాయనమ్మ తన తలగుడ్డ చింపి చుట్టింది. తెల్లగుడ్డ మీద నల్ల చుక్కలు."

సబీకా అరచేత్తో నోరు మూసుకుంది. "అల్లా! నువ్వా? నువ్వేనా తల్లీ?"

"మీ కార్డు ఇవ్వండమ్మా, వాంగ్మూలం రాసుకోవాలి," అన్నాడు ఖాజీ.

వస్మియా చేసంచిలోంచి కార్డు తీసి తెర కింద నుంచి అందించింది.

"ఇది గడువు తీరిపోయింది."

"నిరుడే తీరింది."

"అలాగైతే ఇది చెల్లదమ్మా." ఖాజీ గొంతులో కాఠిన్యం ఏమీ లేదు, ఇబ్బందే ఉంది. "చెల్లని కార్డు మీద నేను సాక్ష్యం రాయలేను. రాస్తే ఎవరు చెప్పారని రాయను? ఎవరి పేరు రాయను? ఇంకెవరైనా చూసినవాళ్లున్నారా, కార్డున్నవాళ్లు?"

అందరూ సబీకా వైపు తిరిగారు. ముసలమ్మ కళ్లు ధారగా కారుతున్నాయి. "నేను తీసుకెళ్లాను. నాలుగు సార్లు. ఐదోది నాకు తెలియదు. అబద్ధం ఎలా చెప్పను?"

"నాలుగుకు అడ్డు లేదు," అన్నాడు ఖాజీ. పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. "చూడండి. ఐదోది చెప్పే మనిషి కాగితం ప్రకారం ఇక్కడ లేరు. రిజిస్టరు ప్రకారం ఈ పెళ్లికి ఏ అడ్డూ లేదు. కానివ్వమంటే కానిస్తాను. తర్వాత మీరూ మీ దేవుడూ చూసుకోవాలి."

వస్మియా అన్నిటికీ సిద్ధపడింది, దీనికి మాత్రం కాదు. తిడతారనుకుంది, కొడుకు పెళ్లి చెడగొట్టావని మెడపట్టి గెంటుతారనుకుంది. ప్రాణం ఉగ్గబట్టుకుని నిజం చెబితే, ఆ నిజం చెప్పడానికి నువ్వు మనిషివే కాదు పొమ్మన్నారు. ఒక్క క్షణం, దేవుడు క్షమించాలి, ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే గుండె ఆగినంత పనైంది. చెప్పేసింది. వాళ్లే వద్దన్నారు. ఇక తన తప్పేముంది?

తెర పక్కకు జరిగింది. యాకూబ్ కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. ఆడవాళ్లు గబగబా ముఖాలు కప్పుకున్నారు. అతను ఎవరినీ చూడలేదు. వచ్చి వస్మియా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నాకు ఖాజీతో పని లేదు. మీరు చెప్పండి. ఐదోసారి తాగానా?"

లేదను, అంది లోపల ఒక గొంతు. ఒక్క మాట, లేదను.

"తాగావు నాయనా. పైన బూట్ల చప్పుడు. నువ్వేడిస్తే అందరం పోతామని. కడుపు నిండి నువ్వే వదిలేశావు. నా మీద కక్కావు కూడా."

యాకూబ్ తుర్ఫా వైపు చూశాడు. తుర్ఫా ముఖంలో నెత్తురు చుక్క లేదు. అందరూ ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నారు.

"పుస్తకం మూసెయ్యండి ఖాజీ గారూ," అంది తుర్ఫా. "మా అమ్మకు కార్డు లేదు గానీ అబద్ధం లేదు."

లుల్వా సోఫా మీద నుంచి దిగింది. వచ్చి వస్మియా పక్కన నేల మీద కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, ఆమె జారిన ముసుగు సర్ది భుజం మీద చెయ్యి వేసి ఉంచింది.

శుక్రవారం మధ్యాహ్నం, తుర్ఫా గౌను మడత పెడుతూ అడిగింది.

"మంగళవారమే తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే బుధవారం రాత్రి దాకా కూర్చుని దీనికి అంచు కుట్టావా?"

"కుట్టాను."

"చెప్పకుండా ఉందామనుకున్నావు."

"అనుకున్నాను."

"ఉండకపోయావా మరి!" అని అరిచింది తుర్ఫా. గౌను విసిరికొట్టింది. "ఉండాల్సింది! నాకు తెలియకుండా పోయేది! నాకిప్పుడు ఏముంది చెప్పు? ఆదివారం వస్తే నేనెవర్ని?"

"నీ పిల్లలకు దేశం ఉండేది, నిజమే," అంది వస్మియా. "వాళ్లను ఎత్తుకుంటే నా చేతులు కాలిపోయేవి. నాకు భయమేసిందే."

తుర్ఫా చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి గౌను తీసి మళ్లీ మడత పెట్టింది.

ఆదివారం ఆఫీసు తెరవకముందే వరుస గేటు దాకా వచ్చింది. తల్లీ కూతుళ్లు ఆడవాళ్ల వరుసలో నిలబడ్డారు. ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడరక్కడ. కిటికీ దగ్గర నుంచి తిరిగొచ్చేవాళ్ల ముఖాలు చూసి, సంతకం పెట్టారో లేదో పోల్చుకుంటారు. తుర్ఫా వంతు వచ్చేసరికి పదకొండయింది.

గుమాస్తా ఆమె కార్డు తీసుకుని, ఒక కాగితం తోశాడు. తుర్ఫా చదివింది. తానెన్నడూ చూడని దేశం పేరు అందులో అచ్చు వేసి ఉంది.

"ఇది నా దేశం కాదు."

"అయితే ఏది నీ దేశం? దానికి కాగితం చూపించు."

"నేను హామీ ఉంటాను," అన్నాడెవరో వెనక నుంచి. యాకూబ్. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, చొక్కా చెమటతో తడిసిపోయింది. తన కార్డు కిటికీలో పెట్టాడు.

గుమాస్తా ఆ కార్డు చూడగానే కొంచెం సర్దుకు కూర్చున్నాడు. "మీరేమవుతారు సార్? భర్తా?"

"కాదు. అన్నను. పాలు పంచుకున్న అన్నను."

గుమాస్తా మీటలు నొక్కాడు, తెర కేసి చూశాడు, మళ్లీ నొక్కాడు. "పాలకు ఇక్కడ గడి లేదు సార్."

"పెళ్లి ఆగడానికి సరిపోయింది. కార్డుకు సరిపోదా?"

"గడి లేదు సార్. నన్నేం చెయ్యమంటారు?" అని అతను తుర్ఫా వైపు తిరిగాడు. "పెడతావా, పెట్టవా?"

తుర్ఫా కాగితం వెనక్కి తోసింది. గుమాస్తా ఆమె పాత కార్డు తీసి సొరుగులో వేసుకుని, తర్వాతి మనిషిని పిలిచాడు. అంతే. ఇరవై రెండేళ్ల మనిషి ఒక సొరుగు మూసినంతలో లేకుండా పోయింది.

"ఎక్కండమ్మా, దింపేస్తాను," అన్నాడు యాకూబ్ బయట. తల్లీ కూతుళ్లు వెనక సీట్లో కూర్చున్నారు. ముందు సీటు ఖాళీగా ఉంది.

సులైబియా మలుపు తిరగ్గానే రోడ్డు మీద ఎర్ర డబ్బాలు అడ్డంగా పెట్టి పోలీసులు ఒక్కొక్క బండినీ ఆపుతున్నారు. ముందున్న వ్యానులోంచి నలుగురిని దింపి పక్కన ఎండలో కూర్చోబెట్టారు. వస్మియా దగ్గర చెల్లని కార్డు. పక్కన కూతురి దగ్గర అదీ లేదు. దిగమంటే దిగాలి. దిగితే ఎక్కడికి తీసుకుపోతారో ఎవరికీ తెలియదు. కూతురి మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకు తెలియదు.

పోలీసు కుర్రాడు వంగి యాకూబ్ కార్డు తీసుకున్నాడు. చూశాడు. తిరిగి ఇవ్వలేదు. వెనక సీటు వైపు తల పెట్టాడు.

"వెనక ఎవరు?"

"మా అమ్మ," అన్నాడు యాకూబ్.

ఆ మాట అతను తడుముకోకుండా అన్నాడు.

"ఆ అమ్మాయి?"

యాకూబ్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ముందు అద్దంలో ఒక్కసారి వెనక్కి చూశాడు. తుర్ఫా కూడా అద్దంలోకే చూస్తోంది. నెలలో నాలుగు ఫ్రేములు మార్చిన మనిషి. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"అడిగేది నిన్నే. ఎవరా అమ్మాయి?"

"చెల్లెలు," అన్నాడు యాకూబ్.

పోలీసు కార్డు అతని చేతిలో పెట్టి, వెళ్లమని చెయ్యి ఊపాడు. ఇంకేమీ అడగలేదు. కారు ఎర్ర డబ్బాలు దాటింది. ఎండలో కూర్చున్న నలుగురినీ దాటింది. తుర్ఫా కిటికీ వైపు తిరిగిపోయి, నోటికి అబాయా అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడవడం మొదలుపెట్టింది.